గుర్రం దాహాన్ని కొలిచేదెలా?
హైదరాబాద్ లాన్సర్ల కాలం నుంచి నేటి వరకు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం పంపమని సంఘం కార్యదర్శి గారు అడిగారు. ఊరి చరిత్ర, ఫ్యాక్టరీ చరిత్ర రాయడానికి నాకంటె సమర్థులు మన సభ్యులలోనే ఉన్నారు గనుక నేను కాస్త పక్కదారి పట్టి గుర్రాల మీద రాస్తున్నాను. గుర్రాలంటే మలక్‌పేట పందేల సంగతి కాదు. ఎండలో మైళ్ళకు మైళ్ళు నడిచిన గుర్రం ఒంట్లో ఎంత నీరు తగ్గిందో మనిషి ఎలా తెలుసుకున్నాడన్నదే ఈ వ్యాస విషయం.

కరణ్‌కోటలో సిమెంటు చేసిన వాళ్ళకు గుర్రాల గొడవ ఎందుకని కొందరు మిత్రులు నవ్వవచ్చు. కాని తేమను కొలవడం మనకు కొత్త పని కాదు. క్వారీ నుంచి వచ్చిన సున్నపురాయి శాంపిలును నలగ్గొట్టి, తూచి, ఓవెనులో 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, మళ్ళీ తూస్తారు. తగ్గిన బరువే తేమ. గుర్రాన్ని ఓవెనులో పెట్టలేం. అది నోరు తెరిచి దాహమని చెప్పదు. అన్నిటికన్నా చిత్రమేమిటంటే, నిజంగా నీరింకిపోయిన గుర్రం ఒక్కోసారి నీళ్ళ తొట్టి పక్కనుంచే మూతి కూడా పెట్టకుండా వెళ్ళిపోతుంది. ఇది ఎందుకు జరుగుతుందో తెలియడానికి చాలా కాలం పట్టింది. తెలిసేలోగా పోయిన గుర్రాలకు లెక్క లేదు.

మన దక్కను నేల మంచి యుద్ధాశ్వాలకు పుట్టినిల్లు కాదు. కాకతీయుల నాటి నుంచీ అవి ఓడల మీద వచ్చినవే. గణపతిదేవ చక్రవర్తి 1244-45లో వేయించిన మోటుపల్లి అభయశాసనంలో, తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోంచి పూర్వపు రాజులు బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు లాక్కునేవారనీ, ఇకమీదట సుంకం తప్ప వేరే ఏదీ తీసుకోబోమనీ ఉంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఈ తీరం మీదుగా వెళ్ళిన మార్కోపోలో, దక్షిణదేశపు రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారనీ, వాటిని సాకే తీరు తెలియక చాలా మట్టుకు చచ్చిపోతాయనీ రాశాడు. వర్తకులు గుర్రపు వైద్యుల్ని ఇక్కడికి రానివ్వరట. గుర్రాలు చస్తేనే గదా మళ్ళీ కొనేది!

వైద్యం బొత్తిగా లేదని మాత్రం అనుకోకూడదు. శాలిహోత్రుడి పేర చెలామణి అయిన అశ్వశాస్త్రం దేశమంతటా ఉండేది. ఆ పేరే ఉర్దూ, హిందీలలో అరిగి ‘సలోత్రి’ అయింది. బ్రిటిష్ ఇండియా అశ్వికదళాల్లో పటాలం గుర్రపు వైద్యుడికి అదే హోదా పేరు. సలోత్రి చేతిలో యంత్రాలు లేవు. మెడ దగ్గర చర్మం గిల్లి వదిలి చూడటం, కన్ను గుంటపడిందా, డొక్క లోపలికి పీక్కుపోయిందా, లద్దె గట్టిపడిందా, నోరు తడిగా ఉందా అని చూడటం, ఇంతే అతని సరంజామా. ఈ పరీక్షల్లో కొన్ని నేటికీ పశువైద్యుల చేతుల్లో ఉన్నాయి. వాటిలో ఏది నిజం చెబుతుందో, ఏది మోసం చేస్తుందో తేలింది మాత్రం ఇటీవలనే. అక్కడికి తర్వాత వద్దాం.

ఇక మన హైదరాబాద్ గుర్రాల సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లోనే నిజాం సంస్థానపు అశ్వికదళం, అంటే హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు, ఈజిప్టుకు ప్రయాణమైంది. మైసూరు, పటియాలా సంస్థానాల లాన్సర్లతో కలిపి దీన్ని 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడుగా కూర్చారు. జోధ్‌పూర్ లాన్సర్లు 1918లో వచ్చి చేరారు. ఆ రోజుల్లో హైదరాబాద్ నుంచి బొంబాయికి పోయే రైలు దారి మన తాండూరు మీదుగా వాడి జంక్షనుకు పోయేదే. ఆ లైను 1874లో పడింది. కనుక ఆ గుర్రాలు ఓడెక్కబోయే ముందు మన స్టేషను మీదుగానే పోయి ఉంటాయని ఊహించుకోవడానికి అడ్డేమీ లేదు.

1915 ఫిబ్రవరిలో తురుష్క సైన్యం సూయజ్ కాలువ మీదికి వచ్చినప్పుడు ఈ బ్రిగేడు కాలువ కాపలాలో ఉంది. తర్వాత రెండేళ్ళూ యుద్ధం మెల్లగా సైనాయ్ ఎడారి దాటి పాలస్తీనా వైపు జరిగింది. ఆ యుద్ధంలో ఫిరంగుల కంటె నీళ్ళే ముందు లెక్క చూసుకోవలసిన సరుకు. ఎండలో పనిచేసే గుర్రానికి రోజుకు 40 లీటర్లనుకుంటే, 500 గుర్రాలున్న ఒక్క రెజిమెంటుకు రోజుకు 20,000 లీటర్లు కావాలి. మన వాడకట్టుకు వచ్చే పెద్ద ట్యాంకర్ల లెక్కన రెండు. ఇసుకలో ఆ నీళ్ళు ఎక్కడివి? బ్రిటిష్ వారు నైలు నది నీటిని శుద్ధిచేసి, రైలు మార్గం వెంబడే గొట్టాలు పరిచి, ఎడారి దాటించి గాజా సరిహద్దుల దాకా తీసుకుపోయారు. గొట్టం ఆగిన చోట గుర్రం కష్టం మొదలయ్యేది.

1917 అక్టోబరు 31న బీర్షెబా పట్టణం మీద ఆస్ట్రేలియా అశ్వికులు చీకటిపడే వేళ చేసిన దాడి చరిత్రకెక్కింది. ఆ దాడికి వెనుక ఉన్న తొందర, ఆ ఊళ్ళోని బావులు. గుర్రాలు చాలా వరకు ముందు రోజు నుంచి నీళ్ళు ముట్టలేదు. వారం తర్వాత, నవంబరు 7న గాజా పడిపోయినప్పుడు మన బ్రిగేడు ఆ శిథిలాల మధ్యనుంచి ఉత్తరంగా పోయింది. బెయిత్ హనూన్ ఊరికి పడమరగా ఉన్న గుట్టను హైదరాబాద్ లాన్సర్లు పట్టుకున్నారు. అటు తర్వాత సాగిన తరుములాటలో శత్రువు కంటె బావి దొరకకపోవడమే ఎక్కువ పీడించింది. బావి దొరికినా వందల అడుగుల లోతు, తోడే సాధనం ఉండదు. పగ్గాలు, తోలు కళ్ళేలు ముడివేసి బకెట్లు దించి వేల గుర్రాలకు తోడాలంటే ఎంతసేపు పడుతుందో, వేసవిలో చేదబావి దగ్గర వంతుకు నిలబడ్డ తరం వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ యుద్ధంలో ఉన్న ప్రెస్టన్ అనే ఫిరంగిదళ అధికారి 1921లో అచ్చయిన తన గ్రంథంలో ఒక లెక్క ఇచ్చాడు. తన దళపు గుర్రాలకు తొమ్మిది రోజుల్లో మూడే మూడుసార్లు నీళ్ళు దొరికాయట. మధ్య ఎడం ఒకసారి 68 గంటలు, ఒకసారి 72, ఒకసారి 76. అయినా అలసటతో చచ్చినవి ఎనిమిదే అని ఆయన ఆశ్చర్యపడ్డాడు. ఆ గుర్రాలు చాలా మట్టుకు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ‘వేలర్’ జాతివి. మన దేశపు అశ్వికదళాలకూ ఏళ్ళ తరబడి మద్రాసు, కలకత్తా రేవుల్లో దిగినవి ఇవే. నాకు ఆ పేరాలో ముఖ్యంగా కనిపించేది కొలత తీరు. 1917లో గుర్రం దాహానికి ఉన్న కొలమానం గడియారం ఒక్కటే. ఎన్ని గంటలైంది అన్నది రాసుకున్నారు. ఒంట్లో ఎంత మిగిలిందన్నది ఎవరికీ తెలియదు. 76 గంటలకు నిలబడిన గుర్రానికీ పడిపోయిన గుర్రానికీ తేడా ఏమిటో చెప్పగలవారు లేరు.

ఇప్పుడు చెప్పగలరు. 450 కిలోల గుర్రంలో మూడింట రెండు వంతులు, అంటే 300 లీటర్ల దాకా నీరే. అందులో గణనీయమైన భాగం పెద్ద పేగుల్లో, తిన్న గడ్డిలో నానుతూ నిలవ ఉంటుంది. ఇంటి కింద సంపు ఉన్నట్టన్నమాట. కుళాయి రాని రోజుల్లో సంపులోంచి వాడుకున్నట్టు గుర్రం తన పేగుల్లోంచి నీటిని రక్తంలోకి లాక్కుంటుంది. పీచు మేత తిన్న గుర్రానికి సంపు పెద్దది. ఉలవలూ గింజలూ మాత్రమే తిన్నదానికి చిన్నది.

1918 సెప్టెంబరు 23న హైఫా మీద జరిగిన ప్రసిద్ధమైన దాడిలో ముందు దూకినవి జోధ్‌పూర్, మైసూరు దళాలు. మన దళం ఆనాడు వేరే పని మీద ఉంది. ఈ బ్రిగేడు ఉన్న 5వ అశ్విక డివిజను సెప్టెంబరు 19 నుంచి అక్టోబరు 26 దాకా, 38 రోజుల్లో 500 మైళ్ళకు పైగా నడిచి అలెప్పో చేరింది. గుర్రాల్లో అయిదో వంతుకు కాస్త ఎక్కువ నష్టపోయింది. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలో 1922లో నిలిపిన మూడు కంచు విగ్రహాలు హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లవే. ఢిల్లీ పోయిన మనవాళ్ళు చాలామంది ఆ చౌరస్తా దాటి ఉంటారు. మూడు బొమ్మల్లో ఒకటి మన సంస్థానానిదని ఎంతమంది ఎరుగుదురో! గుర్రాలకు మాత్రం అక్కడ విగ్రహం లేదు.

యుద్ధం ముగిశాక సైన్యపు గుర్రాలను వేల సంఖ్యలో ఈజిప్టులోనే అమ్మివేశారు. అవి కైరో వీధుల్లో బండ్లు లాగాయి. 1930లో డొరతీ బ్రూక్ అనే ఆంగ్ల మహిళ సైనికాధికారి అయిన భర్తతో కైరో వచ్చి, పన్నెండేళ్ళు గడిచినా ఆ ముసలి గుర్రాలు ఎముకల గూళ్ళై ఇంకా బండ్లకు కట్టి ఉండటం చూసింది. 1931లో లండను పత్రికకు ఉత్తరం రాసి చందాలు పోగుచేసి, మూడేళ్ళలో 5,000 దాకా గుర్రాలను కొని విముక్తి కలిగించింది. చాలా వాటికి విముక్తి అంటే నొప్పి లేని మరణమే. 1934లో కైరోలో ఆమె పెట్టిన గుర్రాల ఆసుపత్రి ఇవాళ బ్రూక్ పేరిట చాలా దేశాల్లో పనిచేసే సంస్థ అయింది. ఈ సంస్థ మన కథలోకి చివర మళ్ళీ వస్తుంది.

ఒంట్లో నీరు తగ్గడాన్ని రక్తంలో చూడవచ్చునని మొదట కనుగొన్నది మనుషుల వైద్యులు. 1831-32లో ఇంగ్లండులో కలరా వచ్చినప్పుడు ఓషానెస్సీ అనే యువ వైద్యుడు రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులో నీరూ ఉప్పులూ రెండూ తగ్గిపోయాయని తేల్చాడు. 1832లోనే లాట్టా అనే మరో వైద్యుడు ఉప్పునీటిని నరంలోకి ఎక్కించి కొందరిని బతికించాడు. నేటి సెలైను సీసాకు తాతముత్తాత అదే. ఈ ఓషానెస్సీయే తర్వాత ఈస్టిండియా కంపెనీ కొలువులో కలకత్తా వచ్చి, 1850లలో మన దేశానికి టెలిగ్రాఫు తీగలు వేయించాడు. తంతి శాఖ నుంచి రిటైరైన మిత్రులెవరైనా ఇది చదివితే సంతోషిస్తారని ఈ ముక్క చేర్చాను.

1890లలో స్వీడను దేశస్థులు రక్తాన్ని సన్నని గొట్టంలో పోసి గిర్రున తిప్పి, ఎర్రకణాలు ఎంత మేర అడుగున దిగాయో చూసే పద్ధతి తెచ్చారు. దానికే హిమటోక్రిట్ అని పేరు. నీరు తగ్గితే రక్తం చిక్కబడి ఎర్రకణాల పాలు పెరుగుతుంది. లెక్క తేలికే. గుర్రం దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తప్పింది. గుర్రానికి ప్లీహం పెద్దది. అందులో ఎర్రకణాలు గిడ్డంగిలో బస్తాల్లా నిలవ ఉంటాయి. పరుగెత్తినా, బెదిరినా, ఆఖరికి సూది చూసి ఉలిక్కిపడినా ప్లీహం ముడుచుకుని ఆ నిల్వను రక్తంలోకి తోసేస్తుంది. నూటికి 35, 40 ఉండే ఎర్రకణాలు నిమిషాల్లో 60 దాటిపోతాయి. నీటిచుక్క తగ్గకుండానే రక్తం చిక్కగా కనిపిస్తుంది. అందుకే గుర్రపు వైద్యులు రక్తద్రవంలోని మాంసకృత్తుల్ని కూడా పక్కనే కొలుస్తారు. ప్లీహం ముడుచుకుంటే అవి పెద్దగా మారవు. రెండూ కలిసి పెరిగితేనే నీరు తగ్గినట్టు లెక్క.

గుర్రాల మీద ఇంత పరిశోధన ఎందుకు జరిగిందంటే దానికి దూరపు పందేలు కారణం. 1892 అక్టోబరులో ఆస్ట్రియా, జర్మనీ సైనికాధికారులు వియన్నా, బెర్లిను నగరాల మధ్య, సుమారు 580 కిలోమీటర్లు, ఎవరు ముందు చేరతారని పందెం వేసుకున్నారు. మొదట వచ్చినవాడు 71 గంటల పైచిలుకులో చేరాడు. అతని గుర్రం తర్వాత చచ్చిపోయింది. దారిలోనూ చేరాకా ఇంకా చాలా గుర్రాలు పోయాయి. యూరప్ పత్రికలు దుమ్మెత్తిపోశాయి. గమ్యం చేరడమే గెలుపైతే ఇదే జరుగుతుంది. 1955లో అమెరికాలోని కాలిఫోర్నియా కొండల్లో మొదలైన, ఒక్క రోజులో 100 మైళ్ళు నడిచే పందెం రూపు వేరు. టెవిస్ కప్ పేరుతో ప్రసిద్ధమైన ఆ పందెంలో దారి పొడవునా పశువైద్యుల మజిలీలు ఉంటాయి. వైద్యుడు వద్దంటే గుర్రం అక్కడే ఆగాలి, రౌతు ఎంతటివాడైనా సరే. ఆ మజిలీలే ఒకరకంగా ఈ శాస్త్రానికి ప్రయోగశాలలయ్యాయి.

1974లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ పశువైద్య కళాశాలకు చెందిన కార్ల్‌సన్, మాన్స్‌మన్ అనే ఇద్దరు ఇలాంటి పందెపు గుర్రాల రక్తంలో ఉప్పుల లెక్క తీసి ప్రకటించారు. ఆ పరిశోధనా, ఆ తర్వాత వచ్చినవీ కలిసి, తొట్టి పక్కనుంచి వెళ్ళిపోయే గుర్రం రహస్యం విప్పాయి.

మనిషి చెమట నోటికి ఉప్పగా తగిలినా రక్తం కంటె దానిలో ఉప్పు తక్కువే. చర్మంలోని గ్రంథులు కొంత ఉప్పును వెనక్కి లాక్కుంటాయి. అందువల్ల చెమట పోసినకొద్దీ మన రక్తంలో ఉప్పు పాలు పెరుగుతుంది. మెదడు అది పసిగట్టి దాహం పుట్టిస్తుంది. గుర్రం చెమట అలా కాదు. అది రక్తమంత ఉప్పగా, ఇంకా కాస్త ఎక్కువగా కూడా ఉంటుంది. ఎండలో కష్టపడే గుర్రం గంటకు 10 లీటర్ల దాకా చెమట పోయగలదు. నీరూ ఉప్పూ జోడుగా పోతాయి కనుక మిగిలిన రక్తంలో ఉప్పు పాలు పెరగదు. మెదడుకు కబురు అందదు. దాహం వేయదు. ఒంట్లో 20, 25 లీటర్లు తగ్గిన గుర్రం చల్లగా తొట్టి దాటిపోవడానికి కారణం ఇది.

పాలస్తీనాలో నిలబడి ఎండిన గుర్రాల సంగతి దీనికి భిన్నం. వాటికి తాగడానికి లేదు. ఉప్పు ఒంట్లోనే ఉండి నీరు తగ్గింది. కనుక అవి నీటి వాసన తగిలితే పగ్గాలు తెంచుకునేవి. రెండింటినీ మనం ‘డీహైడ్రేషన్’ అనే ఒకే మాటతో పిలుస్తాం. మాట ఒకటైనా వ్యాధులు రెండు, మందులూ రెండు. చెమటతో ఎండిన గుర్రానికి వట్టి నీళ్ళు పట్టిస్తే రక్తం ఇంకా పలచబడి, ఉన్న కొద్దిపాటి దాహమూ పోతుంది. అందుకే అమెరికాలో మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయపు షాట్ బృందం మొదటి బకెట్లో ఉప్పు కలిపి పెట్టి చూసింది. ఉప్పునీళ్ళు తాగిన గుర్రాలు ఆ తర్వాత మంచినీళ్ళు కూడా ఎక్కువే తాగాయి. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో శరణార్థి శిబిరంలో కలరా రోగులకు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు తాగించి వేల ప్రాణాలు నిలిపిన సంగతి మనకు తెలుసు. వాడిన పద్ధతులు వేరైనా, నీటితో పాటు ఉప్పు పోయినప్పుడు ఉప్పు కూడా ఇవ్వాలన్న సూత్రం ఒకటే.

ఇక కొలతల మాట. గుర్రాన్ని కాటా మీద నిలిపి తూచడం అన్నిటికంటె సూటి పద్ధతి. మన వే బ్రిడ్జి మీద లారీని ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి తూచినట్టు, బయలుదేరే ముందు, మజిలీలో, చివర తూస్తారు. 100 మైళ్ళ పందెంలో గుర్రం నూటికి 4 నుంచి 7 వంతుల బరువు తగ్గడం మామూలు. చిక్కెక్కడంటే, దారిలో లద్దె వేస్తుంది, మూత్రం పోస్తుంది, మేత తింటుంది. అవన్నీ బరువులోకి వస్తాయి. లోడు దించకుండానే డ్రైవరూ క్లీనరూ దిగిపోతే కాటా మీద ఏమవుతుందో మన డిస్పాచ్ సెక్షను మిత్రులకు బాగా తెలుసు.

గుండె చప్పుడు మరో కొలత. విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. నీరు తగ్గితే రక్తం తగ్గి, ఉన్నదాన్నే మాటిమాటికీ తిప్పడానికి గుండె తొందరపడుతుంది. దూరపు పందేల్లో ఆగిన కాసేపటికి చప్పుడు 64కు దిగకపోతే గుర్రాన్ని పోనివ్వరు. రిడ్జ్‌వే అనే అమెరికన్ పశువైద్యుడు దీనికో మెలిక చేర్చాడు. చప్పుడు లెక్కపెట్టి, 125 అడుగులు దూరం పోయి తిరిగి వచ్చేలా దుడుకు నడక నడిపించి, మొదలుపెట్టిన నిమిషానికి మళ్ళీ లెక్కపెట్టాలి. మొదటి లెక్క కంటె నాలుగైదు పెరిగితే ఆ గుర్రంలో ఏదో తేడా ఉన్నట్టు. గడియారం, చెవి తప్ప మరేమీ అక్కరలేని పరీక్ష. నాకు ఇది చాలా నచ్చింది.

ఇక్కడ మన వయసు వాళ్ళకు పనికొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. 1984లో ఆక్స్‌ఫర్డు వైద్యులు 67 నుంచి 75 ఏళ్ళ మధ్య ఆరోగ్యంగా ఉన్న ఏడుగురు పెద్దమనుషుల్ని, ఏడుగురు యువకుల్ని 24 గంటలు నీళ్ళు లేకుండా ఉంచారు. రక్తంలో నీరు తగ్గిన గుర్తులు పెద్దవాళ్ళలోనే ఎక్కువ. దాహం మాత్రం వాళ్ళకే తక్కువ వేసింది. తర్వాత నీళ్ళిచ్చినా యువకులంత తాగలేదు. కారణం వేరైనా, తొట్టి పక్కనుంచి వెళ్ళిపోయే గుర్రానికీ మనకూ పోలిక కుదిరింది. చేతి వెనక చర్మం గిల్లి చూసుకోవడం కూడా ఈ వయసులో నమ్మదగింది కాదు. చర్మం సడలడం వయసు వల్లనే జరుగుతుంది. మే నెలలో తాండూరు ఎండలకు దాహం వేసేదాకా ఆగకుండా వేళకు నీళ్ళు తాగడం మేలు. గుండె, మూత్రపిండాల జబ్బులకు మందులు వాడేవారు ఎంత తాగాలో తమ డాక్టరును అడగాలి.

చర్మం గిల్లే పరీక్షకు గుర్రంలోనూ ఇదే గతి పట్టింది. సలోత్రి కాలం నుంచి వస్తున్న ఈ పరీక్షను అందరూ నమ్ముతూ వచ్చారు. చర్మం రెండు సెకన్లలో సర్దుకోకపోతే నీరు తగ్గినట్టని పుస్తకాల్లోనూ రాశారు. నేను పైన చెప్పిన బ్రూక్ సంస్థ, బ్రిస్టల్ విశ్వవిద్యాలయపు పశువైద్యులు కలిసి దీన్ని పాకిస్తాన్‌లో, 30 నుంచి 44 డిగ్రీల ఎండలో బండ్లు లాగే 50 గుర్రాల మీద పరీక్షకు పెట్టారు. ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. గిల్లితే చర్మం ఆలస్యంగా సర్దుకున్న గుర్రాలనే ఎంచుకుని, ఒంటి మీద ఆరు చోట్ల గిల్లి సెకన్లు లెక్కపెట్టారు, చిగుళ్ళ తడి చూశారు, తూచారు, రక్తం తీశారు. తర్వాత నీడలో నిలిపి తాగినన్ని నీళ్ళు పెట్టి, అరగంటకోసారి మళ్ళీ అన్నీ కొలిచారు.

గిల్లిన చర్మం ఎడమ పక్క ఒకలా, కుడి పక్క ఒకలా చెప్పింది. చెమటతో తడిగా ఉంటే ఒకలా, పొడిగా ఉంటే ఒకలా. వయసు ముదిరిన గుర్రాల్లో ఆలస్యంగా సర్దుకుంది. రక్తంలోని లెక్కకూ దానికీ పొంతన కుదరలేదు. నోటి తడికీ కుదరలేదు. పొంతన కుదిరింది ఒక్కదానికే: గుర్రం తాగిన నీళ్ళకు. రక్తంలో ఉప్పు చిక్కదనం ఎక్కువున్న గుర్రాలు ఎక్కువ తాగాయి, ఎక్కువసార్లు తాగాయి, ఒక్కొక్కసారీ ఎక్కువ గుక్కలు మింగాయి. బండి గుర్రానికి శుభ్రమైన నీళ్ళు తాగినన్ని పెట్టడమే పరీక్షా, అదే చికిత్సా అని ఆ పరిశోధకులు తేల్చారు. 100 మైళ్ళ పందెపు గుర్రం విషయంలో మాత్రం ఈ ఒక్కటే చాలదు. అది చెమటలో ఉప్పు పోగొట్టుకున్న గుర్రం. నీళ్ళు వద్దన్నంత మాత్రాన దానికి అక్కరలేదని కాదు. కనుక పందెపు మజిలీల్లో చర్మం, చిగురు, గుండె చప్పుడు, పేగుల చప్పుడు అన్నీ కలిపి చూస్తారు, ఒక్కదాన్ని పట్టుకుని తీర్పు చెప్పరు. చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. పేగులు చప్పుడు మానేశాయంటే సంపు ఎండుతోందన్న అనుమానం.

టాంగాలు ఎరిగిన తరం మనది. పెళ్ళి ఊరేగింపులకూ, సందర్శకుల సవారీలకూ గుర్రాలు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి. వాటి యజమానికి రక్తపరీక్ష అందదు, కాటా అందదు. అతని దగ్గర ఒక బకెట్ ఉంటుంది. ఆ బకెట్ లోపల లీటర్ల గీతలు గీసుకుని, నీడలో నిలిపి, కళ్ళెం ముక్క నోట్లోంచి తీసి, పొద్దున ఎంత తాగింది, మధ్యాహ్నం ఎంత తాగిందీ చూసుకుంటే చాలు. 1917లో ప్రెస్టన్ గంటలు రాసుకున్నాడు. ఈ యజమాని లీటర్లు రాసుకోగలడు.